ఒక్క పొడుగు ఈల

మంత్రిగారి కారు ఇంకా రాలేదు. రోడ్డుకు అటూ ఇటూ వరసగా నిలబెట్టిన ఆడవాళ్ల చేతుల్లో కాగితపు జెండాలు చెమటకు మెత్తబడిపోయాయి. పొద్దున ఏడింటికి నిలబెట్టారు, పదకొండు కావస్తోంది. వరసలో మూడో మనిషి ఈలక్క. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, "ఈయన వచ్చేలోపు మనం రాళ్లమైపోతాం. మనల్నే కొట్టి రోడ్డేసుకోవచ్చు" అంది పక్కామెతో. పక్కామె నవ్వబోయింది. అప్పుడు కొండ పేలింది.

ముందు కాళ్ల కింద నేల అదిరింది. తర్వాత చప్పుడు వచ్చింది. ఈలక్క చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయింది. ఈల అక్కడే ఉంది, నల్లతాడుకు వేలాడుతూ, ఒంటి వేడికి వెచ్చగా.

ఇరవై రెండేళ్లలో ఆమె ఈల వెయ్యకుండా ఆ కొండ పేలడం అదే మొదటిసారి.

క్వారీ పని తెలియనివాళ్లకు ఈ ఈల సంగతి కొంచెం చెప్పాలి. రాతికి బెజ్జాలు వేసి, మందు కూరి, అంటించే ముందు మూడు పొట్టి ఈలలు పడతాయి. అవి వినగానే చేతిలోది ఏదైనా సరే కింద పడేసి రాతిగోడ చాటుకు పోవాలి. గోడ అందకపోతే ఉన్నచోటే కూలబడాలి. తల మోకాళ్ల మధ్య, చేతులు మెడ మీద. కొండ పేలాక కూడా లేవకూడదు, ఎందుకంటే పేలకుండా మిగిలిన తూటా ఏదైనా ఆలస్యంగా పేలొచ్చు. బెజ్జాలు వేసిన డ్రిల్లర్ పోయి చూసి, ఏమీ మిగల్లేదని చెయ్యి ఊపాక ఒక్క పొడుగు ఈల పడుతుంది. అది పడేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. పక్కన పాము పాకినా సరే. అక్కడి పిల్లలకు నడక వచ్చీరాకముందే ఇది వచ్చేస్తుంది.

ఆ పొద్దున మేస్త్రీ స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. "ఈ రోజు పేల్చడం లేదక్కా. ఆడవాళ్లంతా రోడ్డు మీదికి పోండి. మంత్రిగారు మనవాడు. మనం కనపడకపోతే బాగుండదు."

జెండాలు ఎక్కడివక్కడ పడేసి ఆడవాళ్లు కొండ వైపు పరిగెత్తారు. పైన దుమ్ము ఇంకా దిగలేదు. కాంట్రాక్టరు బయటినుంచి తెచ్చిన మనుషులు అవతలి వైపు నిలబడి వైర్లు చుట్టుకుంటున్నారు. ఇవతలి వైపు, మిషను పక్కనే, డ్రిల్లర్ పడి ఉన్నాడు. ముఖం మీద ఎవరో తువ్వాలు కప్పారు. అతనికి ఇరవై అడుగుల దూరంలో, కంకర కుప్పకు ఆనుకుని, సమ్మెట పెద్దమ్మ కొత్త కోడలు ఒరిగి ఉంది. అంతసేపు రోడ్డు మీద నిలబడలేనని మేస్త్రీని బతిమాలుకుని ఆ పిల్ల పనిలోనే ఉండిపోయింది. నిద్రలో ఒరిగినట్టే ఉంది. కుడిచేతిలో సుత్తి గట్టిగా పట్టుకునే ఉంది.

పెద్దమ్మ ఏడవలేదు. కోడలి పక్కన కూర్చుని, ఆ వేళ్లు ఒక్కొక్కటీ విప్పి సుత్తి తీసుకుంది.

మేస్త్రీ ఈలక్కను పక్కకు లాగాడు. "నువ్వు ఈల వేశావు. గుర్తుపెట్టుకో."

"నేను కింద రోడ్డు మీదున్నానయ్యా. నువ్వే కదా పొమ్మన్నావు."

"వేశావక్కా. వాళ్లిద్దరే వినలేదు."



*

మంత్రిగారు ఆ కొండ కింద పుట్టినవాడే. తండ్రి సమ్మెట కొట్టేవాడు. కొడుకు మొద్దుబారిన ఉలులు గంపలో వేసుకుని కమ్మరి దగ్గరికి మోసి, పదును పెట్టించుకుని తెచ్చేవాడు. అందుకని అందరూ ఉలిగాడు అనేవాళ్లు. ఆ రోజుల్లో ఈల లేదు. మందు అంటించినవాడు "పారిపోండి" అని ఒక అరుపు అరిచి తను ముందు పారిపోయేవాడు. అలాంటి ఒక అరుపు ఉలిగాడి తండ్రికి వినపడలేదు. ఉలిగాడు కూడా అక్కడే ఉండిపోయేవాడే. అప్పటికింకా పెళ్లికాని ఈలక్క వాడి చొక్కా పట్టుకుని బండ చాటుకు ఈడ్చింది. చొక్కా చిరిగిపోయింది, వాడు బతికాడు.

వాడు పట్నంలో చదువుకుని తిరిగొచ్చి సమ్మె కట్టించాడు. పంతొమ్మిది రోజులు కొండ మీద సుత్తి చప్పుడు లేదు. ఇరవయ్యో రోజున ఈల, ఎర్రజెండా, రాతిగోడ మూడూ వచ్చాయి. మొదటి ఈల తనే కొనుక్కొచ్చి, "నన్ను చావులోంచి లాగినదానివి, అందరి ప్రాణాలూ నువ్వే కనిపెట్టుకో అక్కా" అని ఆమె మెడలో వేశాడు.

ఉలిగాడు ఉలన్న అయ్యాడు. ఊరిపెద్ద అయ్యాడు. చుట్టుపక్కల ఎనభై ఊళ్లవాళ్లు లారీలెక్కి వచ్చి ఓట్లేస్తే శాసనసభకు పోయాడు. ఓట్లు వచ్చిన ప్రతిసారీ కొండకొచ్చి సమ్మెట ఎత్తి ఒక రాయి కొట్టేవాడు, ఫొటోలు తీసేవాళ్లు. మొదటిసారి రాయి పగిలింది. రెండోసారి పగల్లేదు. మూడోసారి ముందే పగలగొట్టి మట్టితో అతికించిన రాయి పెట్టారు. క్వారీలో ఆ మట్టి అతుకు చూడని కన్ను లేదు, అయినా చప్పట్లు కొట్టారు. ఎంతైనా మనవాడు. ఆ మూడోసారే కార్మిక మంత్రి అయ్యాడు. ఏడాది తిరక్కుండా క్వారీ కాంట్రాక్టు అతని బావమరిది చేతికొచ్చింది. బావమరిది కొట్టించే రాయి మంత్రిగారు వేయించే రోడ్డుకే పోతుంది. ఆ రోడ్డు నెలాఖరుకు తెరవాలి. రాయి చాల్లేదు. అదీ ఆ రోజు పేలుడు వెనకాల సంగతి.

ఇప్పుడు మంత్రిగారు ఎంత ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటారు.

*

మర్నాడు పొద్దున్నే జీపు ఇంటి ముందు ఆగింది. ఈలక్క ఎసరు పెడుతోంది. జీపు చప్పుడుకే చేతిలో చెంబు జారి పొయ్యి సగం ఆరిపోయింది. మేస్త్రీ లోపలికి వచ్చాడు. వెనక ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ ఇంట్లోకి వెలుగు వచ్చే దారి అదొక్కటే.

మేస్త్రీ కాగితం చదివాడు. ఆమె నియమం ప్రకారం మూడు ఈలలు వేసింది. చనిపోయిన ఇద్దరూ తాగి ఉండడం వల్ల వినలేదు. కింద సంతకం.

"ఆ పిల్ల తాగిందా?" అంది ఈలక్క.

"కాగితంలో అంతే ఉంటుందమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కోపం లేదు, విసుగు లేదు. "ఈల వెయ్యడం నీ పని. వేశానంటే సాక్షివి. వెయ్యలేదంటే ముద్దాయివి. రెండు చావులు. ఎల్లుండి కొండ కింద సంతాపసభ. అక్కడ మంత్రిగారి ముందు ఇదే చెప్పి సంతకం పెడతావు."

జీపు పోయాక మొగుడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు. పదహారేళ్లు డ్రిల్లింగు చేసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే. రెండు మాటలకోసారి దగ్గు. చనిపోయిన డ్రిల్లరుకు పని నేర్పింది అతనే.

"పెట్టెయ్" అన్నాడు.

"నీ శిష్యుడే వాడు."

"ఎరుగుదును. వాడు ఒక్క చుక్క ముట్టడని కూడా ఎరుగుదును." దగ్గు ఆగేదాకా ఆగాడు. "నువ్వు లోపలికి పోతే నాకు మంచినీళ్లిచ్చేదెవరు? నా సంగతి సరే. నర్సు చదువుకుంటున్న మన పిల్లను హాస్టల్లోంచి తోసేస్తారు. వాళ్ల చేతిలో లేనిదేముంది చెప్పు?"

ఆమె పొయ్యి వెలిగించబోయింది. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. గాలి లేదు.

*

కంకర కొట్టే క్రషర్ ఆగిపోయి ఉంది. ఆ రేకుల షెడ్డులోనే మధ్యాహ్నం జనం చేరారు. గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. మేస్త్రీ మనిషి ఎవడైనా ఉన్నాడేమోనని ఒకరి భుజం మీదుగా ఒకరు చూసుకుంటున్నారు. వాళ్లలో ఉండనే ఉన్నాడు, అది అందరికీ తెలుసు. ఎవడన్నదే తెలియదు.

"పెట్టెయ్ అక్కా" అన్నాడు టిప్పర్ డ్రైవరు. "పోయినవాళ్లు ఎలాగూ పోయారు. ఉన్నవాళ్ల పొట్ట చూడాలి."

"నీ టిప్పర్ ఎవరిదిరా?" అంది పెద్దమ్మ.

"ఎవరిదైతేనేం, తోలేది నేనే."

"నీ నోరు మాత్రం వాళ్లే తోలుతున్నారు."

ఎవరో నవ్వి వెంటనే ఆపేశారు. డ్రైవరు మొహం మాడ్చుకున్నాడు. "నాకూ ఇద్దరు పిల్లలున్నారు పెద్దమ్మా. భయమేస్తే తప్పా? ఇక్కడ భయం లేనివాడు ఒక్కడు లేచి నిలబడమను."

ఎవరూ లేవలేదు.

"మన ఉలన్నకు చెప్పుకుందాం" అందొక ముసలామె. "ఆయనకు తెలిసి ఉండదు. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పనివ్వరు."

"బావమరిది క్వారీ పేలిందని బావకు తెలియదా?"

"అయినా మనవాడే కదా."

"మనవాడే" అంది పెద్దమ్మ. చీర చెంగులోంచి సుత్తి తీసి నేల మీద పెట్టింది. "ఇది నా కోడలి చేతిలోంచి నేను తీశాను. మీరంతా చూశారు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడ మూడు ఈలలు పడ్డాక చేతిలో సుత్తి ఉంచుకున్న మనిషిని ఎవరైనా చూశారా? తాగినా, జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నా, ముందు సుత్తి కింద పడుతుంది. మనిషి తర్వాత పరిగెత్తుతుంది. అవునా కాదా?"

"అవును" అన్నారు నలుగురైదుగురు, నేల చూస్తూ.

"ఆ ముక్క ఎల్లుండి సభలో చెప్పేవాళ్లు చెయ్యెత్తండి."

రేకుల మీద ఎండకు టప్ టప్‌మని చప్పుడు. పెద్దమ్మ చెయ్యి ఒక్కటే లేచింది. ఈలక్క తన చేతిని చూసుకుంది. అది ఒళ్లో పడి ఉంది, ఎవరిదో చేతిలాగా. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది. అయినా చెయ్యి లేవలేదు.

పెద్దమ్మ ఏమీ అనలేదు. సుత్తి మళ్లీ చెంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. ఏమన్నా అనుంటే బాగుండును అనిపించింది ఈలక్కకు.

*

సభకు ముందురోజు మంత్రిగారు ఆమెను అతిథి గృహానికి పిలిపించారు. తివాచీ మీద ఆమె పాదాల నుంచి తెల్లటి దుమ్ము అచ్చులు పడ్డాయి. వాటిని చూసి ఆమె గోడ పక్కకు జరిగింది. గదిలో మంత్రిగారు ఒక్కరే ఉన్నారు.

"కూర్చో అక్కా. నిలబడతావేంటి, నేను ఉలిగాణ్నే."

కుర్చీ అంచున కూర్చుంది. ఆయన తన చేత్తోనే మంచినీళ్లు పోసి ఇచ్చారు. గ్లాసు అందిస్తుంటే చొక్కా చెయ్యి కొంచెం పైకి పోయింది. ముంజేతి మీద, ఎప్పుడో రాతి ముక్కలు గుచ్చుకుని నీలంగా మిగిలిపోయిన మచ్చలు కనిపించాయి. చప్పున చొక్కా కిందికి లాక్కున్నారు.

"నీకు అబద్ధం చెప్పను" అన్నారు. "తప్పు మా బావమరిదిదే. వాడి చెంపలు వాయించాను. కానీ ఈల లేకుండా పేల్చారని బయటపడితే నా పదవి పోతుంది. ఈల తెచ్చినవాడి క్వారీలోనే ఈల లేదంటే అవతలి పార్టీవాళ్లు ఊరుకుంటారా? సరే, పోయింది. నా కుర్చీలోకి వచ్చేవాడికి ఈ కొండ ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. రేపు మీ మొర వినేదెవరు?"

"పిల్ల తాగిందని రాశారు తమ్ముడూ."

"అది మాటవరసకు."

"చచ్చిపోయిన పిల్ల గురించి మాటవరసకా?"

మంత్రిగారు కిటికీ దగ్గరికి పోయి తెర సర్దారు. సర్దాల్సింది ఏమీ లేదు. "వేరే దారి ఉంటే నేను వెతకనా అక్కా? సంతకం లేకపోతే కేసు నీ మీదికి వస్తుంది. నేను ఆపలేను. అర్థం చేసుకో. నేను మంత్రినేగానీ, నా మీద ఎంతమంది ఉన్నారో నీకు తెలియదు. పదిహేనేళ్లుగా ప్రతి ఫోనుకూ గుండె దడే."

ఆ మాట మాత్రం నిజం. ఆమెకు అర్థమైంది. చొక్కా పట్టుకుని ఈడ్చిన రోజున వాడి కళ్లల్లో ఉన్న భయమే ఇప్పుడూ ఉంది. అప్పుడు జాలేసింది. ఇప్పుడూ జాలేసింది. దానితోపాటు ఇంకోటి కూడా తెలిసొచ్చింది. అప్పుడు వాడు బండ చాటు వెతుక్కున్నాడు. ఇప్పుడు తనను బండలా అడ్డం పెట్టుకుంటున్నాడు.

"వేదిక ఎక్కుతాను" అంది.

"నాకు తెలుసక్కా" అన్నారు మంత్రిగారు. కళ్లు తుడుచుకున్నారు కూడా.

*

సభ కొండ కింద చదును నేల మీద. ఆరేడు వందలమంది జనం. చుట్టూ పోలీసులు. వేదిక మీద మెత్తటి కుర్చీలు, వాటిలో అధికారులు, బావమరిది. పూలదండల మధ్య రెండు ఫొటోలు. కొత్త కోడలి ఫొటో పెళ్లినాటిది, నవ్వుతోంది.

మంత్రిగారు చాలా బాగా మాట్లాడారు. తండ్రి చావు గురించి చెప్పేటప్పుడు కొండ వైపు చెయ్యి చూపించారు. "ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈల లేకుండా ఈ కొండ పేలకూడదని. నా అక్క ఇరవై రెండేళ్లుగా ఆ ఒట్టు నిలబెడుతోంది. ఆ రోజు ఏం జరిగిందో ఆమె నోటితోనే వినండి."

మేస్త్రీ ఈలక్క మోచెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తెచ్చాడు. బల్ల మీద కాగితం, పెన్ను.

ఆమె జనాన్ని చూసింది. ముందు వరసలో మొగుడు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. వెనక ఎక్కడో టిప్పర్ డ్రైవరు. మొగుడి పక్కన పెద్దమ్మ, చెంగులో సుత్తి బరువుతో ఒక భుజం వంగిపోయి. నోరు తెరిచింది. అవునని చెప్పడానికీ మాట రాలేదు, కాదని చెప్పడానికీ రాలేదు. ఇన్‌స్పెక్టరు ఒక మెట్టు పైకెక్కాడు.

"చెప్పక్కా" అన్నారు మంత్రిగారు మెల్లగా.

చెయ్యి మెడ దగ్గరికి పోయింది. భయమేసినప్పుడు ఆ చెయ్యి పోయేది అక్కడికే. ఈల నోట్లో పెట్టుకుంది. మాటకు లేని ఊపిరి దానికి ఉంది.

ఒకటి. రెండు. మూడు. మైకులోంచి ఆ మూడు ఈలలూ కొండకు కొట్టుకుని తిరిగొచ్చాయి.

జనం ఒక్కసారిగా కూలబడ్డారు. ఎవరూ ఎవరినీ చూడలేదు, ఆలోచించలేదు. చేతుల్లో సంచులు, చెప్పులు, నీళ్ల సీసాలు నేల మీద పడ్డాయి. పెద్దమ్మ చెంగులోంచి సుత్తి ఠంగుమని రాయి మీద పడింది. వందల తలలు మోకాళ్ల మధ్యకు పోయాయి, వందల చేతులు మెడల మీదికి పోయాయి. పసిపిల్లలు కూడా. దగ్గొస్తున్నా ఆపుకుంటూ మొగుడు కూడా. పోలీసులు మాత్రం బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. అధికారులు కుర్చీల్లో అలాగే ఉన్నారు. బావమరిదికి ఏమీ అర్థం కాలేదు. మేస్త్రీ సగం వంగి, అతన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

వేదిక మీద ఇంకొక మనిషి కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నేలకు ఆనించి, కుర్చీ చాటున, తల మోకాళ్ల మధ్య, మెడ మీద రెండు చేతులూ. చొక్కా చేతులు పైకి జారి నీలపు మచ్చలు ఎండలో కనపడుతున్నాయి.

గాలికి దండల్లో పూలు కదిలాయి.

అప్పుడు ఈలక్కకు మాట వచ్చింది. చిన్న గొంతే, మైకు దాన్ని పెద్దది చేసింది. "ఇదీ ఈల. ఆ రోజు ఇది పడి ఉంటే వాళ్లిద్దరూ ఇలాగే కూర్చునేవాళ్లు. నువ్వు కూర్చున్నట్టే తమ్ముడూ. నువ్వు మంత్రివై ఇన్నేళ్లయినా నీ ఒళ్లు మర్చిపోలేదు. పెళ్లయి ఏడాది కాని పిల్ల మర్చిపోతుందా? దాని చేతిలో సుత్తి ఉంది. నేను ఈల వెయ్యలేదు. రోడ్డు మీద జెండా పట్టుకుని నిలబడ్డాను, నీ కోసం."

మంత్రిగారు తల ఎత్తారు. అధికారులు పైనుంచి తనను చూస్తున్నారని అప్పుడు గమనించారు. గబుక్కున లేచారు. మోకాళ్ల దుమ్ము దులుపుకున్నారు, చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు.

పొడుగు ఈల పడకముందే లేచినవాడు ఆయనొక్కడే. జనం తలలు ఎత్తకుండానే, కళ్లెత్తి అది చూశారు.

"తొక్కిసలాట జరిగేలా భయపెట్టినందుకు" అంటూ ఇన్‌స్పెక్టరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ తొక్కిసలాట లేదు. తొక్కడానికి లేచి ఉన్నవాళ్లే లేరు. జీపులో ఎక్కించారు. జీపు డ్రైవరు ఇంజన్ వేసి అలాగే ఆపేశాడు. ముందు జనం. వెనక జనం. చక్రాల పక్కన జనం. అందరూ మెడ మీద చేతులు వేసుకుని కూర్చునే ఉన్నారు. పోలీసులు నలుగురిని రెక్కలు పట్టుకుని లేపారు. వదలగానే నలుగురూ మళ్లీ కూర్చున్నారు. మేస్త్రీ పరిగెత్తి ఒక కానిస్టేబుల్ జేబులోంచి ఈల లాక్కుని పొడుగ్గా ఊదాడు. ఎవరూ కదల్లేదు. జనం మధ్యలోంచి టిప్పర్ డ్రైవరు, తల వంచుకునే, "ఆ ఈల మాది కాదు మేస్త్రీ" అన్నాడు. మూడు ఈలల తర్వాత మాట్లాడకూడదన్న నియమాన్ని అతనొక్కడే తప్పాడు. ఎవరూ తప్పుపట్టలేదు.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని జీపులోకి వంగాడు. "ఊదమ్మా. ఆ పొడుగుది ఒకటి ఊది వీళ్లని లేపు. నీకే మంచిది."

ఈలక్క ఈల వైపు చూసింది. భయం ఏమీ తగ్గలేదు. హాస్టల్లో పిల్ల గుర్తొచ్చింది, మొగుడి దగ్గు వినపడింది. ఈలను రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"డ్రిల్లర్ చెయ్యి ఊపాక వెయ్యాలి సార్" అంది.

"ఏ డ్రిల్లర్?"

"తాగి వినలేదని మీరు రాశారే. ఆయనే."